కండ్లు మసకబారితే ఇంట్ల ఏం చేసుకోవచ్చు, ఏం చెయ్యొద్దు?

కొత్తవాడ_మగ్గం
జంపఖానాలు నేసేటోళ్లు, బీడీలు చుట్టేటోళ్లు, కంప్యూటర్ ముందట కూసునేటోళ్లు అందరు చెప్పేది ఒకటే. పొద్దుగాల చూపు మంచిగుంటది, సాయంత్రమయ్యేసరికి మసక. రెప్ప కొడితే ఒక్క క్షణం తేటగైతది, మళ్ల మసక. వాట్సాప్‌ల ఒకరు పొన్నగంటి కూర అంటరు, ఒకరు తేనె చుక్క అంటరు, ఇంకొకరు ఆముదం అంటరు. మందు లేకుండ ఏది పనిచేస్తది, ఎందుకు పనిచేస్తది? తెలిసినోళ్లు కొలతలతోని చెప్పుండ్రి. ఉత్త "కండ్లకు మంచిది" అంటే సరిపోదు.

హన్మకొండ_ఆప్టో
"రెప్ప కొడితే తేటగైతది" అన్నారు కదా అన్నా, సగం జవాబు అందులోనే ఉంది. నల్లగుడ్డు మీద కన్నీటి పొర ఒకటి ఉంటుంది. దానిపైన రెప్పల అంచుల గ్రంథుల నుంచి వచ్చే పలుచటి నూనె, చారు మీద నూనె తేలినట్టు పరుచుకుంటుంది. ఆ నూనె తగ్గినా, రెప్ప కొట్టడం తగ్గినా నీళ్లు తొందరగా ఆరి పొర చిట్లుతుంది. అందుకే మసక. మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా రెప్ప కొడతాం. ఫోన్ మీదనో పోగు మీదనో చూపు నిలిపితే అది 5 - 7కు పడిపోతుంది.

అయితే మసకలన్నీ ఒకటి కావు. ఏ చిట్కా మొదలుపెట్టే ముందైనా మూడు పరీక్షలు ఇంట్లోనే చేయండి.

ఒకటి, ఒక కన్ను అరచేత్తో మూసి పది అడుగుల దూరం నుంచి గోడ క్యాలెండరు చూడండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లతో కలిపి చూస్తే ఒక కన్ను పూర్తిగా దెబ్బతిన్నా నెలల తరబడి తెలియదు. మూసేటప్పుడు గుడ్డును నొక్కొద్దు, నొక్కితే చేయి తీసాక ఆ కన్నే మసకగా ఉంటుంది, పరీక్ష తప్పుతుంది.

రెండు, గట్టి నల్ల అట్టకు కుట్టుసూదితో ఒక రంధ్రం పెట్టండి. మిల్లీమీటరు చాలు. దబ్బనంతో పెడితే రంధ్రం పెద్దదై పరీక్ష పనికిరాదు. అందులోంచి చూస్తే అక్షరాలు తేటపడితే అది చాలావరకు సైటు, అద్దాలతో పోతుంది. తేటపడకపోతే, ఇంకా మసకైతే, లోపల లెన్సులోనో రెటీనాలోనో (కంటి వెనక ఉండే తెర) నరంలోనో ఏదో ఉండొచ్చు. దానికి ఇంటి వైద్యం లేదు.

మూడు, పదిసార్లు నెమ్మదిగా రెప్పలు మూసి తెరవండి. తేటపడి మళ్లీ మసకైతే పొడిబారడం.

ఈ మూడోదానికే మీరు అడిగిన సహజ పద్ధతులు గట్టిగా పనిచేసేది.

సిరిసిల్ల_సాంచెలు
పొడిబారితే వేడి కాపడం పెట్టాలంటరు. మావోళ్లు తువ్వాల తడిపి రెండు నిమిషాలు పెట్టి తీసేస్తరు, ఫాయిదా లేదంటరు. ఎందుకు?

హన్మకొండ_ఆప్టో
రెండు నిమిషాలు చాలవు. గ్రంథిలో గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్పకు 40 డిగ్రీల పైన వేడి తగలాలి, అదీ వరుసగా 8 - 10 నిమిషాలు. తడి తువ్వాల రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. కాబట్టి రెండు గుడ్డలు పెట్టుకోవాలి. ఒకటి కంటి మీద ఉండగా ఇంకోటి వేడినీళ్లలో. రెండు నిమిషాలకోసారి మార్చాలి. వేడి ఎంతో ముంజేతి లోపలి వైపు పెట్టి చూసుకోండి, చురుక్కుమంటే ఎక్కువైనట్టే. 45 దాటితే రెప్ప చర్మం కాలుతుంది.

కాపడం కాగానే, చల్లారకముందే, శుభ్రమైన వేలితో పైరెప్పను పైనుంచి కిందికి, కిందిరెప్పను కిందినుంచి పైకి, వెంట్రుకల దిక్కు మెల్లగా రాయాలి. గుడ్డు మీద ఒత్తిడి పడొద్దు. ఆ తర్వాత కాచి చల్లార్చిన అరగ్లాసు నీళ్లలో రెండు మూడు చుక్కల పిల్లల షాంపూ కలిపి, దూదితో వెంట్రుకల మొదళ్లు తుడిచి కడుక్కోవాలి. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత ఒకసారి. వారంలోపు తేడా కనిపించకపోతే వదిలేసేవాళ్లే ఎక్కువ. నూనె పలుచబడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

రెప్ప ఎర్రగా వాచి చీము పట్టినా, కంట్లో నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా ఈ కాపడం పెట్టొద్దు, ముందు చూపించుకోండి.

ములుగు_ఆయుర్వేదం
ఇక్కడ చెట్టు మందు అనగానే కొట్టిపారేస్తారని తెలిసే రాస్తున్నాను. త్రిఫల, నందివర్ధనం, పొన్నగంటి వందల ఏళ్లుగా వాడుకలో ఉన్నవి. నందివర్ధనం పూలు కడిగి, మూసిన రెప్పల మీద పది నిమిషాలు పెట్టుకుంటే చల్లదనం వస్తుంది, మంట తగ్గుతుంది. దానికి అభ్యంతరం ఎందుకు?

కాజీపేట_ఫార్మసీ
రెప్పల మీద అయితే పేచీ లేదు సార్. చల్లటి తడిగుడ్డ చేసే పనే అది. పేచీ అంతా లోపల పోసే దగ్గర. త్రిఫల కషాయం ఇంట్లో వడగడితే కంటికి కనిపించని నలుసులు, బూజు విత్తనాలు మిగులుతాయి. చర్మం ఆపినట్టు నల్లగుడ్డు సూక్ష్మక్రిములను ఆపలేదు, చిన్న గీత ఉంటే చాలు. తేనె కూడా అంతే, సీసాలో తేనె శుద్ధి చేసింది కాదు. తల్లిపాలు పోసే అలవాటు పసిపిల్లల దగ్గర ఇంకా ఉంది, అందులోనూ క్రిములుంటాయి. రోజ్ వాటర్ సీసా ముఖానికి తయారుచేసింది, దాంట్లో పరిమళం, నిల్వ మందు రెండూ ఉంటాయి. ఆముదం నూనె కలిపిన కంటి చుక్కలు ఉన్న మాట నిజమే, కానీ అవి క్రిములు లేకుండా తయారుచేసి ముద్ర వేసినవి. కిరాణా దుకాణం ఆముదం అది కాదు.

ములుగు_ఆయుర్వేదం
ఒప్పుకుంటాను. నేత్ర తర్పణం లాంటివి వైద్యుడి చేతుల మీద జరగాల్సినవే, వీడియో చూసి పిండి కట్ట కట్టి నెయ్యి పోసుకునేవి కావు. ఆకు పసరు కంట్లో పిండడం శాస్త్రం కూడా కాదు, అది ఊరి అలవాటు. పొన్నగంటిని కూరగా వండి తినండి.

పరకాల_పత్తి
పసరు మాట వచ్చింది గాబట్టి, వ్యవసాయం చేసేటోళ్లకు మూడు ముచ్చట్లు.

మొదటిది జిల్లేడు పాలు. హనుమంతునికి దండ గుచ్చేటప్పుడు, గట్టు మీద కంప కొట్టేటప్పుడు కంట్ల చిందుతయి. దీంతోని మోసమేందంటే నొప్పి పెద్దగ ఉండదు. కొద్ది గంటలకు చూపు పొగమంచు కమ్మినట్టయితది. పాలు నల్లగుడ్డు లోపలి పొర దాక దిగి దాన్ని ఉబ్బిస్తయి. నొప్పి లేదు గదా అని ఊకోవద్దు. ఎంటనే 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు పారించి, అదే రోజు డాక్టర్‌కు చూపియ్యాలె.

రెండోది ఉమ్మెత్త. కలుపు తీసిన చేత్తోని కన్ను నలుచుకుంటే ఆ కంటిపాప పెద్దగై, దగ్గరి చూపు పోతది, ఎండ చూడబుద్ధి కాదు. రెండు పాపలు ఒక్క తీరుగ కనవడయి. ఇది కొన్ని రోజులకు దానంతటదే దిగుతది. కానీ తలకు దెబ్బ తాకినంక పాపలు ఎక్కువ తక్కువైతే అది వేరే కథ, సీదా వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పోవాలె.

మూడోది వడ్లు. కోత మిషన్ కాడ, తూర్పార పట్టే కాడ ఊక గీసుకుంటది. గీసుకున్న కాడ బూజు పట్టి పుండైతది, మానినా తెల్లగ పువ్వు మిగుల్తది. పత్తి కట్టెలు కొట్టేటప్పుడు కూడ గంతే. పక్కలు మూసుండే పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకుంటే ఈ బాధలు సగం తప్పుతయి. మామూలు చలువద్దాలకు పక్కలు తెరిచే ఉంటయి, దుమ్ము గండ్లనే దూరుతది.

కాజీపేట_ఫార్మసీ
పరకాల అన్న చెప్పిన పుండుకు ఒక మాట కలపాలి. "కన్ను ఎర్రగైంది, చుక్కలియ్యి" అని అడిగితే చాలా కౌంటర్ల మీద స్టిరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేస్తారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, బాగైందనిపిస్తుంది. లోపల బూజు మాత్రం దానితో బలుస్తుంది. అవే చుక్కలు నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా), లెన్సు మసకబారి మోతిబిందు (శుక్లం) వస్తాయి. పెట్టె మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ పేర్లు కనిపిస్తే డాక్టర్ చీటీ లేకుండా ముట్టుకోవద్దు.

పొడి కళ్లకు అయితే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు చాలు. రోజుకు నాలుగుసార్లకు మించి కావాలంటే నిల్వ మందు లేనివి తీసుకోవాలి. చుక్కల్లో కలిపే నిల్వ మందు బెంజాల్కోనియం క్లోరైడ్ మాటిమాటికీ పడితే పొడిబారడం పెరుగుతుంది.

వేసే పద్ధతి: చేతులు కడిగి, కిందిరెప్ప లాగి, ఆ సంచిలో ఒకే చుక్క. కంట్లో పట్టేదే అంత, రెండో చుక్క చెంప మీదికే. కళ్లు మూసి ముక్కు పక్క మూలను ఒక నిమిషం వేలితో అదమాలి, లేకపోతే మందు గొంతులోకి జారుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు. సీసా మొన రెప్పకు తగలొద్దు.

జనగామ_బడి
పిల్లల సంగతి? బడిలో బోర్డు కనిపించక కళ్లు చికిలించేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. క్యారెట్ తింటే సైటు తగ్గుతుందని తల్లిదండ్రులు అద్దాలు వాయిదా వేస్తారు.

నర్సంపేట_ఏఎన్ఎం
క్యారెట్‌తోని సైటు తగ్గదు సార్. సైటంటే గుడ్డు పొడుగు, నల్లగుడ్డు వంపు. తిండి దాన్ని మార్చలేదు. విటమిన్ ఎ తక్కువైతే వచ్చేది రేచీకటి, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ, కన్ను పొడిబారుడు. దానికైతే తిండే మందు. మునగాకు, పాలకూర, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు. ఆకుకూరల తోని ఒక చెంచా నూనెనో నెయ్యో పడాలె, నూనె లేకుంటే ఒంటికి పట్టేది తక్కువ. ఉత్త ఉడకబెట్టిన ఆకు కంటే పోపు వేసిన పాలకూర పప్పే మంచిది.

ఐదేండ్ల లోపు పిల్లలకు విటమిన్ ఎ మందు తొమ్మిది డోసులు. తొమ్మిదో నెలల లక్ష యూనిట్లు, ఏడాదిన్నరకు రెండు లక్షలు, అక్కడి నుంచి ఆర్నెల్లకోసారి రెండు లక్షలు. కార్డుల రాయించుకోండ్రి. అట్లని మెడికల్ షాపుల క్యాప్సూల్స్ కొని మీరే వేయొద్దు, ఎక్కువైతే కాలేయానికి దెబ్బ. గర్భిణులు అసలే సొంతంగ వేసుకోవద్దు, బిడ్డకు అవకరం వస్తది.

ఇంకోటి. మందు తాగించినా రేచీకటి పోకుంటే, మేనరికపు సంబంధమైతే, రెటీనా పరీక్ష చేయించాలె. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య రెటీనా జబ్బు అట్లనే మొదలైతది.

హన్మకొండ_ఆప్టో
బడి సార్‌కు: అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్న భయం ఒట్టిది. పిల్లల్లో సైటు రాకుండా, ఆలస్యంగా వచ్చేలా చేసేది ఆరుబయటి వెలుతురు. రోజుకు రెండు గంటలు. ఎండలో మాడనక్కర్లేదు, చెట్టు నీడలో ఉన్నా ఇంటి ట్యూబులైటు కంటే చాలా రెట్ల వెలుగుంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదు తర్వాత పంపించండి. పుస్తకం మోచేతికి, పిడికిలికి మధ్య ఉన్నంత దూరంలో ఉండాలి. పడుకుని ఫోన్ చూస్తే అది జానెడు దూరానికి వచ్చేస్తుంది.

సిరిసిల్ల_సాంచెలు
మరి అరచేతులు రుద్ది కండ్ల మీద పెట్టుకుంటే, సూర్యుణ్ని చూస్తే అద్దాలు తీసేయొచ్చని చెప్పేటోళ్లు?

హన్మకొండ_ఆప్టో
అరచేతులు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. నంబరు తగ్గదు. సూర్యుణ్ని మాత్రం పొద్దునైనా సాయంత్రమైనా నేరుగా చూడొద్దు. రెటీనా నడిమధ్య కాలుతుంది, అక్కడ నొప్పి తెలియదు, మచ్చ మిగిలిపోవచ్చు.

పనిచేసేది చెప్తాను. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని, 20 సెకండ్లు చూడాలి. దగ్గరి చూపు కోసం బిగిసిన కండరం వదులవుతుంది. దానికి రెప్పల కసరత్తు కలపండి: కళ్లు మూసి రెండు సెకండ్లు, మూసినట్టే కొంచెం గట్టిగా బిగించి రెండు సెకండ్లు, తెరవాలి. గంటకు పదిసార్లు. సగం సగం మూసే రెప్ప నూనెను పరవదు. తెర కంటి మట్టానికి కొంచెం కింద ఉంటే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, ఆరిపోవడం తగ్గుతుంది. కూలర్, ఫ్యాన్ గాలి ముఖానికి కొట్టకుండా తిప్పండి. ఈ ఒక్క మార్పుతోనే సాయంత్రపు మసక కొంత తగ్గొచ్చు.

కొత్తవాడ_మగ్గం
మగ్గం కాడ ఇంకో తిప్పలు. నలభై దాటినోళ్లు బజార్ల రెడీమేడ్ అద్దాలు, లేకుంటే సర్కారు కంటి పరీక్షల క్యాంపు కంటి వెలుగుల ఇచ్చినవి పెట్టుకుంటరు. పేపర్ చదవొస్తది, పోగు కనవడది.

హన్మకొండ_ఆప్టో
అది లెక్క తప్పడం. దూరపు సైటు లేనివాళ్లకు అద్దం నంబరు చూపు చివరి హద్దు చెప్పేస్తుంది. వందను నంబరుతో భాగించండి, సెంటీమీటర్లు వస్తాయి. +2.50 అయితే 40 సెంటీమీటర్లు, +2.00 అయితే 50, +1.50 అయితే 66. ఆ దూరం దాటితే మసకే. పేపర్ 35 - 40 దగ్గర పట్టుకుంటాం, పోగు 55 - 60లో ఉంటుంది. కాబట్టి పని దూరం టేపుతో కొలిచి, ఆ అంకె అద్దాలవాళ్లకు చెప్పాలి. చదవడానికి ఒక జత, మగ్గానికి ఒక జత తప్పకపోవచ్చు.

కంటి వెలుగు మొదటి విడత 2018 ఆగస్టు 15న, రెండోది 2023 జనవరి 18న మొదలయ్యాయి. అప్పుడు 45 ఏళ్లున్న మనిషికి ఇచ్చిన దగ్గరి నంబరు ఇప్పుడు చాలదు, నలభై నుంచి అరవై దాకా అది పెరుగుతూనే ఉంటుంది. కన్ను పాడైనట్టు కాదు, లెన్సు గట్టిపడుతున్నట్టు. రెడీమేడ్ అద్దాల్లో రెండు పక్కలా ఒకటే నంబరు, కంటిపాపల మధ్య దూరం ఎవరిదీ కాదు. కాసేపటికి సరే, రోజంతా పెడితే తలనొప్పి.

దీపం కూడా చూసుకోండి. ఎడమ భుజం మీదుగా పడాలి, బల్బు కంటికి కనిపించకూడదు. ఎడమచేతి వాటమైతే కుడివైపు నుంచి.

భూపాలపల్లి_షిఫ్ట్
షుగర్ ఉన్నోళ్ల చూపు ఒక వారం ఒక తీరు, ఇంకో వారం ఇంకో తీరు ఉంటది. కొత్త అద్దాలు తీసుకుంటే నెలకే పనికిరావు. ఎందుకట్ల?

హన్మకొండ_ఆప్టో
రక్తంలో చక్కెర మారితే లెన్సులో నీటిశాతం మారి దాని వంపు మారుతుంది. 350 ఉన్న షుగర్‌ను మందుతో త్వరగా దించినప్పుడు కూడా దగ్గరి చూపు మసకవుతుంది, మందు పడలేదనుకుని ఆపేస్తారు. ఆపొద్దు. షుగర్ నిలకడగా ఉన్నాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అద్దాలు చేయించాలి.

రెటీనా సంగతి వేరు. అక్కడ రక్తనాళాలు కారుతున్నా మొదట్లో చూపు బాగానే ఉంటుంది. అందుకే టైప్ 2 షుగర్ తెలిసిన రోజే ఒకసారి, తర్వాత ఏటా, చుక్కలతో కంటిపాప పెద్దది చేసి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మెంతులు, కాకరకాయ తింటే తినండి, ఈ పరీక్షకు అవి బదులు కావు.

గళ్ల నోటుబుక్కులో పది సెంటీమీటర్ల చతురస్రం గీసి నడుమ చుక్క పెట్టండి. 30 సెంటీమీటర్ల దూరంలో, దగ్గరి అద్దాలతో, ఒక్కో కంటితో చుక్కనే చూడండి. గీతలు వంకరపోయినా, ఒక చోట గళ్లు మాయమైనా ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరికి.

కాజీపేట_ఫార్మసీ
మసక తెచ్చే మాత్రలూ ఉన్నాయి. జలుబు మాత్రలు కంటిని ఆరబెడతాయి. కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్ దగ్గరి చూపును మసకబరుస్తుంది. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు రెటీనా పరీక్షలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం టీబీ కోర్సులోని ఇథాంబ్యుటాల్. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించినా, చూపు తగ్గినా మరుసటి రోజే టీబీ సెంటర్‌లో చెప్పండి. తొందరగా గుర్తిస్తే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. మిగతా టీబీ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

పరకాల_పత్తి
మిర్చి సీజన్ల కల్లం కాడ, ఏనుమాముల మార్కెట్‌ల కారం కండ్లల్ల పడుడు రోజు ఉండేదే. దాని ఘాటు నీళ్లల్ల కరగది, నూనెల కరుగుతది. అందుకని చేతులకు ముందు మంచినూనె రాసి, అటెన్క సబ్బుతోని కడగాలె. కండ్లకు మాత్రం మంచినీళ్లే, నూనె వద్దు, పాలు వద్దు. తువ్వాలతోని తుడిస్తే ఇంకింత పట్టిస్తది. పురుగుమందు చిందితే 20 నిమిషాలు, సున్నం పడితే అరగంట నీళ్లు పారించాలె. సున్నం ముక్కలు రెప్ప కింద దాక్కుంటయి, రెప్ప తిప్పి తడి దూదితోని తీయాలె. డబ్బా ఎంబడి పట్టుకపోతే డాక్టర్‌కు ఏ మందో తెలుస్తది.

నర్సంపేట_ఏఎన్ఎం
ఇంట్ల ఆగొద్దన్నవి ఒక్క కాడ పెడుతున్న. ఒక్కసారిగ చూపు పోవుడు, పరదా దిగినట్టు కనవడుడు, మెరుపులతోని నల్ల నలుసుల వాన. కన్ను ఎర్రగై తలనొప్పి, వాంతులు, బల్బు సుట్టు రంగుల వలయాలు. మసకతోని మూతి వంకరపోవుడు, చెయ్యి పడిపోవుడు. ఇవైతే రాత్రయినా పోవాలె. నాటుసారా తాగినంక అంతా తెల్లమంచు లెక్క కనవడితే కూడ గంతే.

కొత్తవాడ_మగ్గం
పరీక్షకు పోయేటోళ్లు ఏమేం తీసుకపోవాలె? ప్రాంతీయ నేత్ర వైద్యశాలకు ఒక్కరోజుల పోయి రావాలనుకునేటోళ్లున్నరు.

హన్మకొండ_ఆప్టో
పాత అద్దాలు అన్ని జతలూ (పగిలినవి కూడా), వాడుతున్న మాత్రల, చుక్కల పెట్టెలు, షుగర్ రిపోర్టు, పని దూరం కొలిచిన అంకె. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ముందే చెప్పాలి, కంటి ఒత్తిడి చూస్తారు. మామూలుగా అది 10 నుంచి 21 ఉంటుంది, అయితే 21 లోపు ఉన్నా నరం దెబ్బతినే రకం ఉంది, అందుకని నరం కూడా చూడమనండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరివి కనిపించవు, ఎండ గుచ్చుతుంది. బండి నడపొద్దు, తోడు ఒకరు, చలువద్దాలు ఒక జత. సంతకాలు, బ్యాంకు పని ఏదైనా ఉంటే ఆ చుక్కలకు ముందే ముగించుకోండి.

కాజీపేట_ఫార్మసీ
చుక్కల సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాయండి. నెల దాటితే, సగం మిగిలినా పారేయండి.